వాన తగ్గాక బ్రేకులు: ఎడమ చక్రం వేడి, బండి మాత్రం కుడికి

మొదటి రోజు

తొమ్మిది రోజులు కారు కదల్లేదు. అందులో ఏడు రోజులు వానే. కప్పు లేని చోట, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి మరీ వదిలేశాను. అలా లాగి వదలడం తప్పే, దాని సంగతి తర్వాత వస్తుంది.

ఈ ఉదయం స్టార్ట్ చేసి, హ్యాండ్ బ్రేక్ దించి, మొదటి గేరులో క్లచ్ వదిలితే బండి వెనక భాగం కొంచెం కుంగి అక్కడే ఆగిపోయింది. ఇంకాస్త రేజ్ చేశాక వెనకనుంచి ఠక్కున శబ్దం వచ్చి కదిలింది. మొదటి నాలుగైదు బ్రేకులకు ముందు చక్రాల దగ్గర గరగర. ఆ తర్వాత అదీ పోయింది.

ఇక్కడిదాకా నాకు కంగారేమీ లేదు. డిస్కులు, అంటే ముందు చక్రాలతో పాటు తిరిగే బ్రేకు పళ్ళాలు, పోత ఇనుముతో చేస్తారు. తడి తగిలితే రాత్రికి రాత్రే నారింజ రంగు తుప్పు పొర పడుతుంది, నాలుగు బ్రేకులు వేసేసరికి డిస్కుని రెండు పక్కలా నొక్కే ప్యాడ్లు దాన్ని గీకేస్తాయి. ఠక్కుమన్నది వెనక డ్రమ్ములో (వెనక చక్రాల బ్రేకు గిన్నెలో) దాన్ని లోపలనుంచి నొక్కే షూలు తుప్పుతో అంటుకుపోయి ఊడిన చప్పుడు. వానాకాలంలో రెండూ మామూలే.

మామూలు కానిది రెండు కిలోమీటర్లు పోయాక బయటపడింది. బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగ్ కుడికి లాగుతోంది. తడి వల్ల అనుకుని పది పన్నెండు బ్రేకులు వేశాను. తగ్గలేదు. తడి తెచ్చిన గొడవైతే తడి ఆరగానే పోవాలి కదా.

ఇంటికి వచ్చాక, పానా పట్టుకోకముందే, నోట్‌బుక్‌లో రాసుకున్నవి: పెడల్ గట్టిగానే ఉంది, స్పాంజిలా లేదు. బ్రేక్ ఆయిల్ రెండు గీతల మధ్యే ఉంది. డాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగలేదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే కుడికి గుంజుతోంది. బ్రేకు వేయనప్పుడు మాత్రం చాలా కొద్దిగా ఎడమకు జారుతోంది (రోడ్డు వాలు కావచ్చు).

బ్రాకెట్లో రాసిన ఆ ఆఖరి మాట నాకు రెండు రోజులు ఖర్చు పెట్టించింది.

రెండో రోజు

బండి కుడికి లాగుతోంది కాబట్టి కుడి చక్రమే అతిగా పట్టేస్తోందని తేల్చేసుకున్నాను. వెనక చక్రాలకు అడ్డు రాళ్ళు పెట్టి, నట్లు వదులు చేసి, జాకీ ఎత్తి, కింద స్టాండ్ పెట్టి కుడి ముందు చక్రం ఊడదీశాను. (జాకీ బండిని ఎత్తడానికే. దాని మీద ఉంచి పని చేయడానికి కాదు. ఇది రాయకుండా ముందుకు వెళ్ళను.)

చేత్తో తిప్పితే డిస్కు హాయిగా తిరిగింది. అద్దంలా మెరుస్తోంది. ప్యాడ్లు లోపలిదీ బయటిదీ దాదాపు ఒకే మందం, 7 మిల్లీమీటర్లు. డిస్కు వెనకున్న రేకుకీ డిస్కుకీ మధ్య బురదలో చిన్న గులకరాయి ఉంటే తీసేశాను. అదే దొంగ అనుకుని సంబరంగా చక్రం బిగించి బయటికి వెళ్ళాను.

మళ్ళీ కుడికే. రాయి ఉంటే కీచుమని అరుస్తుంది తప్ప బండిని పక్కకు లాగదు. ఆ మాట నాకూ తెలుసు. చూసిన మొదటి వస్తువునే దోషిని చేసేయాలన్న తొందర అంతే.

మూడో రోజు

ఈ రోజు పానాకు పని పెట్టలేదు, థర్మామీటరుకే పెట్టాను. దూరంనుంచి గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ రకం. పన్నెండు కిలోమీటర్లు మామూలుగా నడిపి, చివర్లో బ్రేకు వీలైనంత తక్కువ వాడి, వేగం దానంతట అదే తగ్గేలా చేసి ఆపాను. ఆపేటప్పుడు చివర్లో గట్టి బ్రేకు వేస్తే ముందు చక్రాలు రెండూ వేడెక్కి, లెక్క కలగాపులగం అవుతుంది.

ఈ పరికరంతో ఒక తిరకాసు ఉంది. మెరిసే లోహం మీద గురిపెడితే అసలు వేడి కంటే బాగా తక్కువ చూపిస్తుంది. అందుకే డిస్కు మెరిసే ముఖం మీద కాకుండా, మధ్యలో టోపీలా లేచి ఉండే తుప్పు భాగం మీద, నాలుగు చక్రాలకూ వీలైనంత ఒకే తరహా చోట గురిపెట్టాను. డ్రమ్ములకైతే అంచు మీద. ఒక్కో అంకె నిజమా కాదా అన్నది నాకు అంత ముఖ్యం కాదు, ఎడమకీ కుడికీ మధ్య తేడానే కావాలి.

ముందు ఎడమ 118 డిగ్రీలు, ముందు కుడి 61. వెనక ఎడమ 44, వెనక కుడి 66.

రెండుసార్లు కొలిచాను. ముందు ఎడమ చక్రం దగ్గర వంగితే మాడిన వాసన కూడా ఉంది. అంటే బ్రేకు వదిలినా వదలకుండా రాసుకుంటున్నది ఎడమ చక్రం. మరి బ్రేకు వేస్తే బండి కుడికెందుకు పోతోంది?

రాత్రి భోంచేస్తూ కూడా ఇదే ఆలోచన. పడుకోబోయే ముందు నోట్‌బుక్ తిరగేస్తే మొదటి రోజు రాత కనిపించింది: బ్రేకు వేయనప్పుడు కొద్దిగా ఎడమకు. అది రోడ్డు వాలు కాదు. రాసుకుంటున్న ఎడమ చక్రం బండిని తన వైపు ఈడుస్తోంది. బ్రేకు వేసినప్పుడు అదే ఎడమ చక్రం సరిగ్గా పట్టడం లేదు, కుడిది పూర్తి బలంతో పడుతోంది, అందుకే బండి కుడికి పోతోంది. పట్టాల్సినప్పుడు పట్టదు, వదలాల్సినప్పుడు వదలదు. రెండు తప్పులూ ఒకే చక్రానివి.

నాలుగో రోజు

ఎడమ ముందు చక్రం ఊడదీశాను. చేత్తో తిప్పితే పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. పెడల్ ఒకసారి తొక్కి వదిలాక ఆ పావు చుట్టు కూడా లేదు.

ప్యాడ్లను డిస్కుకి నొక్కే పట్టకారులాంటి భాగం క్యాలిపర్. ఆయిల్ ఒత్తిడికి అందులోని పిస్టన్ ముందుకొచ్చి లోపలి ప్యాడ్‌ని తోస్తుంది, క్యాలిపర్ స్లైడ్ పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ని లాగుతుంది. ఇక్కడ అనుమానితులు నలుగురు. పిస్టన్ లోపల తుప్పు పట్టి వెనక్కి రాకపోవడం. రబ్బరు హోస్ లోపలి పొర ఉబ్బి, ఆయిల్‌ని వెళ్ళనిచ్చి తిరిగి రానివ్వకపోవడం. ప్యాడ్ చెవులు (రెండు కొసల్లోని కొమ్ములు) వాటిని పట్టి ఉంచే బ్రాకెట్ గాడిలో తుప్పుతో ఇరుక్కోవడం. క్యాలిపర్ జారే స్లైడ్ పిన్ను బిగుసుకుపోవడం. నాలుగింటికీ పై లక్షణం ఒకటే, చక్రం వేడి. విడివిడిగా పట్టుకోవాలి.

ముందు ఆయిల్ వైపు చూశాను. పెడల్ తొక్కి వదిలి, చక్రం బిగుసుకుని ఉండగా, క్యాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే బ్లీడర్ స్క్రూకి చిన్న పైపు తగిలించి అర చుట్టు వదులు చేశాను. హోస్‌లో ఒత్తిడి చిక్కుకుని ఉంటే ఆయిల్ చిమ్మి, చక్రం అప్పటికప్పుడే వదులవ్వాలి. రెండు చుక్కలు నెమ్మదిగా జారాయి. చక్రం అలాగే ఉంది. అంటే హోస్ కాదు. (చుక్క పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడగాలి, బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది.)

తర్వాత కింది బోల్టు తీసి క్యాలిపర్‌ని పైకి తిప్పబోయాను. తిరగనంది. పై బోల్టు కూడా తీసి, చిన్నగా ఊపుతూ లాగితే వచ్చింది. హోస్ మీద బరువు పడకుండా క్యాలిపర్‌ని తీగతో స్ప్రింగుకి వేలాడదీశాను. పిస్టన్‌ని క్లాంపుతో నొక్కితే మెత్తగా, ఒకే వేగంతో లోపలికి పోయింది. దాని రబ్బరు తొడుగు కూడా బాగుంది. పిస్టన్ కూడా కాదు.

ప్యాడ్లు చేతిలోకి తీసుకున్నాక కథ సగం తెలిసిపోయింది. లోపలిది 4 మిల్లీమీటర్లు మిగిలింది. బయటిది పై కొసలో 7, కింది కొసలో 5.5. చీలికలా ఏటవాలుగా అరిగిపోయింది. క్యాలిపర్ నిటారుగా జారకుండా, ఒక పిన్ను దగ్గర ఇరుక్కుని పక్కకు వాలితేనే ఇలా అరుగుతుంది. చెవులు గాడిలో కొంచెం బిగువుగా ఉన్నాయి గానీ వేళ్ళతో లాగితే వచ్చాయి.

పై స్లైడ్ పిన్ను వేలితో తోస్తే జారింది. కిందిది కదల్లేదు. తుప్పు వదిలించే నూనె కొట్టి, పావుగంట ఆగి, పానాతో అటూ ఇటూ మెలి తిప్పుతూ లాగాను. చప్‌మని ఊడివచ్చింది. పిన్ను సగం నల్లగా, సగం ఇటుక రంగు. మీద గ్రీజు ఉండాల్సిన చోట బురదలాంటి ముద్ద. పిన్నుని కప్పే రబ్బరు బూటు మడత పట్టే చోట, విప్పి చూస్తే తప్ప కనపడని చీలిక, గోరంత. నీళ్ళు వెళ్ళిన దారి అదే.

దారి తెలిసింది. కానీ పిన్ను కొసన ఉండే చిన్న రబ్బరు బుష్ చూశాక అసలు నేరం కనిపించింది. ఉబ్బిపోయింది, మెత్తబడింది, వేలితో నొక్కితే గుర్తు పడుతోంది. నీళ్ళకు అలా అవదు. మామూలు బేరింగ్ గ్రీజుకి అవుతుంది. బ్రేకుల్లోని రబ్బరుకు పెట్రోలియం గ్రీజు పడదు, పీల్చుకుని ఉబ్బుతుంది. అక్కడ వేయాల్సింది సిలికాన్ గ్రీజు, లేదా బ్రేకు రబ్బరు కోసమే చేసిన గ్రీజు.

రెండేళ్ళ క్రితం ప్యాడ్లు మార్చి, చేతికందిన డబ్బాలోంచి ఆ గ్రీజు పూసింది ఎవరో కాదు, నేనే. "కొంచెమే కదా" అనుకున్నట్టు కూడా గుర్తుంది. బుష్ నెమ్మదిగా ఉబ్బుతూ, పిన్ను నెమ్మదిగా బిగుస్తూ వచ్చి ఉంటుంది. తొమ్మిది రోజుల తడి ఆఖరి నెట్టు నెట్టింది. వాన రాకపోతే ఇంకో ఏడాది తెలియకుండా నడిపేవాడినేమో.

వెంటనే కుడి పక్క గుర్తుకొచ్చింది. రెండో రోజు అక్కడ ప్యాడ్లు చూశాను, డిస్కు చూశాను, పిన్నులు మాత్రం లాగి చూడలేదు. మళ్ళీ ఊడదీశాను. బుష్ అక్కడా ఉబ్బింది. బూటు చిరగలేదు కాబట్టి నీళ్ళు వెళ్ళలేదు, పిన్ను బిగువుగానైనా కదులుతోంది. అంతే తేడా.

ఐదో రోజు

పిన్నులు, బూట్లు, బుష్‌లు ఉన్న కిట్, ప్యాడ్లు రెండు వైపులకీ తెప్పించాను. ప్యాడ్లు ఒక పక్కే మార్చకూడదు, ఒకే ఇరుసు మీద రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. లేకపోతే పట్టులో తేడా వచ్చి మళ్ళీ పక్కకు లాగుడే.

సామాను వచ్చేదాకా డిస్కులు కొలిచాను. నా డిస్కు మీద కనీస మందం 20 మిల్లీమీటర్లని చెక్కి ఉంది. అంచున తుప్పు గట్టు ఉంటుంది కాబట్టి వెర్నియర్‌తో నేరుగా పట్టుకుంటే గట్టునే కొలుస్తుంది. ఒకే మందం ఉన్న రెండు చిన్న లోహపు ముక్కలు రెండు పక్కలా పెట్టి కొలిచి, వాటి మందం తీసేశాను. ఎడమ 20.9, కుడి 21.1. ఇంకొన్నాళ్ళు నడుస్తాయి. డయల్ గేజ్ (సన్నటి వంకరను ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి తిప్పితే ఎడమ డిస్కు వంకర 0.04 మిల్లీమీటర్లు. పెడల్ అదిరే స్థాయి కాదు.

తమ్ముడు ఫోన్లో "అన్నయ్యా, వాన నీళ్ళు బ్రేక్ ఆయిల్‌లో కలిసుంటాయేమో" అన్నాడు. చాలామంది అనుకునేదే, కానీ అది అలా జరగదు. డాట్ 3, డాట్ 4 రకాల బ్రేక్ ఆయిళ్ళు గాలిలోని తేమని పీల్చుకుంటాయి, నిజమే. కానీ హోస్‌ల గుండా, డబ్బా మూత గుండా నెలల తరబడి కొంచెం కొంచెంగా. వారం వానకి చెడిపోదు. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ 3.7 శాతానికి చేరాక కనీసం 155 దాకా. అంతకంటే వేడెక్కితే ఆయిల్‌లో ఆవిరి బుడగలు వచ్చి, ఘాట్ దిగేటప్పుడు పెడల్ నేలకంటుకుంటుంది. నాది పెడల్ గట్టిగా ఉంటూ పక్కకు లాగే జబ్బు. దానికీ ఆయిల్‌కీ సంబంధం లేదు.

అయితే ఆయిల్ మార్చి మూడేళ్ళయింది. రెండేళ్ళకోసారి అంటుంది నా మాన్యువల్. ఎలాగూ విప్పాను కాబట్టి అదీ మార్చేద్దామని పెట్టుకున్నాను.

ఏడో రోజు

బ్రాకెట్ గాడుల్లో స్టీల్ క్లిప్పుల కింద తుప్పు పొరలు కట్టి, క్లిప్పుని లేపేస్తోంది. ప్యాడ్ చెవులు బిగువుగా ఉన్నది ఇందుకే. చెవిని ఎంత గీకినా లాభం లేదు, క్లిప్పు తీసి కింది లోహం దాకా వైర్ బ్రష్‌తో రుద్దాలి. దుమ్ముని గాలితో ఊదకుండా క్లీనర్ కొట్టి కడిగాను. ఆ దుమ్ము పీల్చేది కాదు.

పిన్ను రంధ్రాలు కూడా శుభ్రం చేసి, కొత్త పిన్నులకు సిలికాన్ గ్రీజు పలుచగా పూశాను. బుష్ ఉన్న పిన్ను పైనా, కిందా అన్నది బండిని బట్టి ఉంటుంది, తారుమారు చేయకూడదు. విప్పేటప్పుడే ఫోటో తీసుకున్నాను కాబట్టి బతికిపోయాను. గ్రీజు ఎక్కువ కూరితే రంధ్రంలో గాలి చిక్కుకుని, పిన్ను స్ప్రింగులా వెనక్కి తన్నుతుంది. మొదటిసారి అలాగే తన్నింది. తుడిచి మళ్ళీ పెట్టాను. ఇప్పుడు రెండు వేళ్ళతో తోస్తే జారుతోంది. బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించాను.

సాయంత్రం ఆయిల్ మార్పిడికి తమ్ముడు వచ్చాడు. పెడల్ దగ్గర వాడు, చక్రం దగ్గర నేను.

"తొక్కు."

"తొక్కా అన్నయ్యా."

"అలాగే పట్టుకో, నేను చెప్పేదాకా వదలకు." స్క్రూ వదులు చేస్తే పైపులో టీ డికాక్షన్ రంగు ఆయిల్. స్క్రూ బిగించి, "ఇప్పుడు వదులు."

పెడల్ కింద చెక్క ముక్క పెట్టాను. పెడల్ నొక్కుడుని ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ పాతదైతే, అందులో పిస్టన్ రోజూ తిరగని చోట తుప్పు, మడ్డి ఉంటాయి. పెడల్ నేలదాకా తొక్కితే రబ్బరు సీళ్ళు ఆ మడ్డి మీదుగా వెళ్ళి కోసుకుపోవచ్చు. బ్రేకు బాగుచేయబోయి మాస్టర్ సిలిండర్ పోగొట్టుకోవడమంటే ఇదే. డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా చూసుకుంటూ, ప్రతి చక్రానికీ లేత రంగు వచ్చేదాకా తీశాం. నలభై నిమిషాలు పట్టింది, అందులో పది నిమిషాలు వాడు "ఇంకెంతసేపు" అని అడగడానికే.

ఎనిమిదో రోజు

కొత్త ప్యాడ్లు సర్దుకోవాలని, ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 దాకా మెల్లగా తగ్గించడం పదిసార్లు చేశాను, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ. బండి గీత గీసినట్టు నేరుగా ఆగుతోంది.

ఇంతలో పసుపు రంగు ఏబీఎస్ లైటు! టెన్షన్ పడ్డాను గానీ ఎర్ర బ్రేకు లైటు లేదు. ఒక్క ఏబీఎస్ లైటే అయితే మామూలు బ్రేకులు పని చేస్తాయి, చక్రాలు లాక్ అవకుండా కాపాడే పని మాత్రం ఆగుతుంది. ఎర్రది కూడా వెలిగితే బండి నడపకూడదు. నెమ్మదిగా ఇంటికి వచ్చి చూస్తే, క్యాలిపర్ పనిలో ఎడమ సెన్సర్ వైరు పక్కకు లాగి కట్టినప్పుడు కనెక్టర్ సగం ఊడింది. లోపల పిన్నుల మీద పచ్చటి పొర, కొద్దిగా చెమ్మ. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి, టిక్కుమనేదాకా నొక్కాను. లైటు ఆరింది, మళ్ళీ రాలేదు.

పదకొండో రోజు

వెనక కుడి చక్రం 66 డిగ్రీల సంగతి మిగిలింది. ఠక్కుమన్న చక్రం కూడా అదే అయి ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ దించి బండి కిందికి తొంగి చూస్తే, డ్రమ్ము వెనక లీవర్ ఎడమవైపు దాని హద్దుకి ఆని ఉంది. కుడివైపుది ఇంకో నాలుగు మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోయింది. వేలితో తోస్తే వెళ్ళింది, మళ్ళీ లాగి దించితే మళ్ళీ అక్కడే.

కేబుల్ కిందికి వేలాడే వంపు దగ్గర పైతొడుగు చిట్లింది. విప్పి నిటారుగా పట్టుకుంటే రెండు చుక్కల తుప్పు నీళ్ళు కారాయి. నూనె పోసి రెండు నెలలు నెట్టుకురావచ్చు, మళ్ళీ వానకి ఇదే పాట. కొత్త కేబుల్ వేసేశాను. డ్రమ్ము లోపల సిలిండర్ లీకు లేదు, షూలకు ఆయిల్ తగల్లేదు, అంచు తుప్పు గీకి మూసేశాను.

ఇకమీదట వానలో రోజుల తరబడి ఆపాల్సి వస్తే సమతల నేల చూసుకుని, గేరులో పెట్టి, చక్రాలకు అడ్డు రాళ్ళు వేసి, హ్యాండ్ బ్రేక్ దించి ఉంచుతాను. వాలు మీదైతే ఈ మాట వర్తించదు.

అదే పన్నెండు కిలోమీటర్లు, అదే తీరు: ముందు ఎడమ 63, కుడి 60. వెనక ఎడమ 45, కుడి 46.

పదహారో రోజు

రాత్రంతా వాన. పొద్దున్నే, ఇంకా జల్లు పడుతుండగా, కావాలని బయటికి తీశాను. కదిలేటప్పుడు ఠక్కు లేదు. మొదటి బ్రేకుకి అర క్షణం ఆలస్యంగా పట్టింది, డిస్కు మీది నీటి పొర తుడుచుకుపోయేదాకా అది ఉంటుంది. నీళ్ళు నిలిచిన చోట దాటాక, వెనక ఎవరూ లేరని చూసుకుని, నెమ్మదిగా పోతూ పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి ఆరబెట్టాను. డ్రమ్ములు ఆరడానికి డిస్కుల కంటే ఎక్కువ సేపు పట్టింది, నీళ్ళు లోపల నిలుస్తాయి కదా. తర్వాత 40 లో బ్రేకు వేస్తే స్టీరింగ్ కదల్లేదు.

మిగిలిన పని: వెయ్యి కిలోమీటర్ల తర్వాత రెండు పక్కలా పిన్నులు మళ్ళీ లాగి చూడాలి. ఈసారి కుడిది కూడా.